నవల సగంలో అటకెక్కకుండా: రాసేటప్పుడు, దిద్దేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రెండు నవలలు పూర్తి చేశాను. వాటికంటే ముందు మొదలుపెట్టినది ఎనభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి ఇప్పటికీ అలాగే ఉంది. కింది ప్రశ్నలు రాసే మిత్రులు నన్ను అడిగినవి, కొన్ని నన్ను నేనే అడుక్కున్నవి. వరసగా చదవక్కర్లేదు. ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడికి వెళ్లిపోండి.

మొదటి నెలలో ఉన్న ఊపు ఇప్పుడు లేదు. నాది ఆరంభశూరత్వమేనా?

కాదు. మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్ల గురించి చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యం ఇంకా నెత్తిన కూర్చుని ఉంది కాబట్టి అలా అనిపిస్తోంది. మొదటి నెలలో మీరు రాసింది ఏళ్ల తరబడి బుర్రలో నానుతున్న సంగతులు. అవి వాటంతటవే వస్తాయి. నలభై, యాభై పేజీలయ్యేసరికి ఆ నిల్వ అయిపోతుంది. అక్కణ్ణుంచి ప్రతి సీనూ కొత్తగా ఆలోచించి కట్టుకోవాలి. పని కష్టమైంది, అంతే. మీరేం మారలేదు.

ఇంకో సంగతి. ఉత్సాహం వచ్చాక రాద్దామని ఎదురుచూస్తే అది రాదు. చాలాసార్లు రాయడం మొదలుపెట్టిన పావుగంటకి వస్తుంది. కొన్ని రోజులు అసలు రాదు. హుషారుగా రాసిన పేజీలు, ఏడుస్తూ రాసిన పేజీలు ఆరు నెలల తర్వాత కలిపి చదివితే ఏవి ఏవో నేను గుర్తుపట్టలేకపోయాను. డైరీలో తేదీలు చూసుకోవాల్సి వచ్చింది.

రోజుకి ఎన్ని పదాలు రాయాలి?

ముందు ఇంగ్లిష్ లెక్కలు పక్కన పెట్టండి. 1999లో అమెరికాలో మొదలైన, నెలలో నవల రాయాలనే సవాలు నానోరైమో పుణ్యమా అని నవంబరులో 30 రోజుల్లో 50,000 పదాలు, అంటే రోజుకి 1,667, అన్న అంకె అందరి నోళ్లలో పడింది. ఆ అంకె ఇంగ్లిష్‌కి సరిపోతుంది. తెలుగులో 'ఇంట్లోవాళ్లందరితోనూ' అన్నది ఒకే పదం. అదే మాట ఇంగ్లిష్‌లో చెప్పాలంటే నాలుగైదు పదాలు కావాలి. కాబట్టి తెలుగులో 50,000 పదాలంటే ఇంగ్లిష్‌లో అదే అంకె కంటే చాలా పెద్ద పుస్తకం. రోజుకి 1,667 రాయలేకపోతున్నానని కుంగిపోయేవాళ్లు ముందు ఈ తేడా చూసుకోవాలి.

రోజుకి 300 పదాలు, వారానికి ఐదు రోజులు రాస్తే 30 వారాల్లో 45,000. అది నిండైన నవలే. 300 కూడా ఎక్కువైతే 150 పెట్టుకోండి. ఒంట్లో బాగాలేని రోజు కూడా చేయగలిగినంతే లెక్క పెట్టుకోవాలన్నది నా పద్ధతి. మంచి రోజున ఎలాగూ ఎక్కువ రాస్తారు. చెడ్డ రోజున లెక్క తప్పితే మర్నాడు కూర్చోవడానికే మనసొప్పదు.

19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, పొద్దున్న 5:30కల్లా బల్ల ముందు కూర్చుని, వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాలు రాసేవాడు. అలా 47 నవలలు రాశాడు. ఆయన పోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో ఈ సంగతి బయటపడితే, ఇదేం కళ, గుమాస్తా పనిలా ఉందే అని మొహం చిట్లించినవాళ్లున్నారు. నాకైతే ఆ గుమాస్తాతనమే ముచ్చటేస్తుంది.

ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. టైమ్ ఎక్కడిది?

'వీలు చూసుకుని రాస్తాను' అన్నంతకాలం వీలు చిక్కదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి సంకల్పాల మీద చాలాకాలం పనిచేశాడు. ఫలానా పని చేస్తాను అనుకోవడం కంటే, ఫలానాది జరగగానే ఫలానా చోట ఈ పని చేస్తాను అని ముడిపెట్టుకుంటే ఆ పని జరిగే అవకాశం ఎక్కువని ఆయన చెప్పాడు. 'రాత్రి వంటిల్లు సర్దడం అవగానే అక్కడే కుర్చీ లాక్కుని 20 నిమిషాలు' అనుకోండి. గడియారానికి ముడిపెట్టకండి. ఇంటిపని ఎప్పుడు తెమిలితే అప్పుడే మీరు రాసే టైమ్.

ఫోన్ వేరే గదిలో పెట్టాలా? పెట్టాలి. దీని మీద ఇంకేం రాయను.

కూర్చున్నాక మొదటి వాక్యమే రావడం లేదు.

నిన్న రాయడం ఎక్కడ ఆపారో గుర్తు తెచ్చుకోండి. అధ్యాయం చివర, సీను పూర్తయ్యాక, హమ్మయ్య అనుకుని ఆపి ఉంటారు. మర్నాటికి ఎదురుగా ఖాళీ కాగితం తప్ప ఏమీ మిగల్చలేదు. తర్వాత ఏం జరుగుతుందో ఇంకా తెలుస్తుండగానే ఆపేయాలని అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే చెప్పిన మాట రాసేవాళ్లలో బాగా తిరుగుతుంది. నేను చూసినంతలో ఇంతకంటే పనికొచ్చిన చిట్కా లేదు. మాంచి ఊపులో ఉన్నప్పుడు లేవడం ప్రాణం మీదకొస్తుంది, నిజమే. లేవండి.

దీనికి నేను కలుపుకున్నది ఒకటుంది. లేచే ముందు రేపటికి ఒక ముక్క రాసుకుంటాను. 'వాడు ఉత్తరం విప్పడు, జేబులో పెట్టుకుంటాడు. ఎందుకు?' ఇంతే. 'తర్వాతి సీను' అని రాసుకుంటే మర్నాడు బుర్ర కదలదు. ప్రశ్న రాసుకుంటే స్నానం చేస్తుండగానే జవాబు వెతకడం మొదలవుతుంది.

నవల మధ్యలో పూర్తిగా ఆగిపోయాను. వారాలు గడుస్తున్నాయి. ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే.

ఇలా ఆగిపోయినప్పుడు మనం వెంటనే మనల్నే తిట్టుకుంటాం. బద్ధకం, క్రమశిక్షణ లేదు, నాకు రాదేమో అని. నా అనుభవంలో సగానికి పైగా తప్పు మనిషిలో ఉండదు, కథలో ఉంటుంది. కథలో ఎక్కడో ఒక అబద్ధం పడింది. అది మనకి లోపల తెలుసు, ఒప్పుకోవడం ఇష్టం లేదు. అందుకే చెయ్యి మొరాయిస్తుంది.

నా రెండో నవలలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి, ఇరవయ్యేళ్ల క్రితం డబ్బు తీసుకుని వెళ్లిపోయిన తమ్ముడు తిరిగొస్తాడు. ఏడో అధ్యాయం దగ్గర ఆరు వారాలు ఆగిపోయాను. ఆ అధ్యాయాన్ని ఐదు రకాలుగా మొదలుపెట్టాను. ఒకసారి వాన, ఒకసారి రైలు, ఒకసారి కలతో కూడా (సిగ్గుతో చెబుతున్నాను). ఏదీ కదల్లేదు. చివరికి విసుగొచ్చి మొదటినుంచి చదివితే, తప్పు ఏడులో లేదు, నాలుగులో ఉంది. తమ్ముడు వచ్చిన మర్నాడే ఆవిడ వాణ్ణి క్షమించేసింది! ఇద్దరూ నాకు ఇష్టమైనవాళ్లు కాబట్టి గొడవపడనివ్వలేదు. ఇక కథలో తేలాల్సింది ఏముంది? ఆ సీను తీసేశాను. ఆవిడ తలుపు తీస్తుంది, భోజనం వడ్డిస్తుంది, ఒక్క మాట మాట్లాడదు. అంతే మార్చాను. ఏడో అధ్యాయం నాలుగు రోజుల్లో అయిపోయింది.

అందుకే ఆగిపోయిన చోట తలబాదుకోకుండా రెండు మూడు అధ్యాయాలు వెనక్కి వెళ్లి చూడండి. ఈ మనిషికి ఇప్పుడేం కావాలి, అది దొరక్కుండా అడ్డుపడుతున్నది ఎవరు లేదా ఏమిటి అని అడగండి. అడ్డుపడేది ఏమీ లేకపోతే చిక్కు దొరికినట్టే. ఎవరో ఒకరిని మీరు మరీ గారాబం చేసి ఉంటారు.

ఒక్కోసారి కారణం ఇంకా చిన్నది. రాబోయే సీను రాయాలంటే మీకే బోరు. దాన్ని వదిలేసి బ్రాకెట్లో 'ఇక్కడ పెళ్లి జరుగుతుంది' అని రాసి తర్వాతి దానికి దూకండి. ఎడిటింగ్‌లో చూస్తే ఆ పెళ్లి అక్కర్లేదని తేలే అవకాశం బాగా ఉంది.

రాయడం ఒక్కటే కాదు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, నిద్ర లేదు, వారాల తరబడి ఇదే వరస అంటే మాత్రం అది నవల సమస్య కాదు. డాక్టర్ని కలవండి, రాతప్రతి ఎక్కడికీ పోదు.

రాస్తూనే దిద్దుకోవచ్చా? నిన్నటిది చదివితే చెత్తగా అనిపిస్తోంది.

నిన్నటి పేజీ ఒక్కటి చదివి, అచ్చుతప్పులు సవరించి, ముందుకు వెళ్లండి. అది వేడెక్కడానికి. మొదటి అధ్యాయానికి వెళ్లి మెరుగులు దిద్దడం మొదలుపెడితే ఇక అయిపోయినట్టే. అటకెక్కిన నా ఎనభై పేజీల నవలకి మొదటి అధ్యాయం పదకొండుసార్లు తిరగరాశాను. చాలా బాగుంటుంది ఆ అధ్యాయం. ఏం లాభం!

నలభయ్యో పేజీలో కథానాయిక ఉద్యోగం మార్చాలనిపిస్తే వెనక్కి వెళ్లి మార్చకండి. ఒక కాగితం మీద 'మొదటినుంచీ నర్సు' అని రాసుకుని, ఎప్పటినుంచో నర్సు అన్నట్టే ముందుకు రాసుకుపోండి. ఆ కాగితమే తర్వాత మీ ఎడిటింగ్ చిట్టా అవుతుంది.

ఇంతకంటే మంచి నవల ఆలోచన వచ్చింది. దీన్ని వదిలేయనా?

కొత్త ఆలోచన ఎప్పుడూ మంచిదే, ఇంకా రాయలేదు కాబట్టి. ఒక నోటుబుక్కులో రెండు పేజీలు రాసి మూసేయండి. పాత నవల మధ్యలో ఉండగా వచ్చే కొత్త ఆలోచనలు చాలావరకు అక్కణ్ణుంచి పారిపోయే దారులే. మూడు నెలల తర్వాతా అది నిద్ర పట్టనివ్వకపోతే అప్పుడు చూద్దాం.

రాస్తున్న కథ అందరికీ చెప్పుకోవచ్చా?

రాస్తున్నానని చెప్పండి, కథ మాత్రం చెప్పకండి. నోటితో చెప్పి 'అబ్బ, భలే ఉంది' అనిపించుకున్నాక రాయాలన్న దురద సగం తీరిపోతుంది. ఇది నా సంగతి. చెబుతూ చెబుతూ కథ కట్టుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల జోలికి వెళ్లను.

వారానికోసారి ఒకరికొకరు ఎన్ని పేజీలయ్యాయో మాత్రం మెసేజ్ పెట్టుకునే తోడు ఒకరుంటే చాలు. కథ అడగరు, చెప్పరు. అంకె ఒక్కటే. సున్నా అని పెట్టాలంటే ఉండే ఆ మొహమాటం బాగా పనిచేస్తుంది.

ఫలానా ఆయన నెలలో రాసేశాడట. నాకు మూడేళ్లయింది.

విశ్వనాథ సత్యనారాయణ వెయ్యి పేజీల నవలని 29 రోజుల్లో చెప్పి రాయించారని తెలుగువాళ్లం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. నోబెల్ అందుకున్న కజువో ఇషిగురో తన ప్రసిద్ధ నవలల్లో ఒకదాని మొదటి డ్రాఫ్ట్ నాలుగు వారాల్లో రాశానని తనే చెప్పాడు. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న నుంచి రాత్రి దాకా అదే పని, ఇంటిపనంతా ఆయన భార్య చూసుకుంది. ఆ నాలుగు వారాలకి ముందే విషయమంతా చదివి, పోగుచేసుకుని ఉన్నాడు. వేగం గురించిన కథల్లో ఈ ముందు భాగమూ, ఆ ఇంటిపని భాగమూ సాధారణంగా రాలిపోతాయి.

మరోవైపు ఫ్రెంచ్ నవలాకారుడు ఫ్లాబేర్ 1851లో మొదలుపెట్టిన ఒక్క నవల పూర్తి కావడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. మూడేళ్లలో మీరు ఎన్ని రోజులు నిజంగా రాశారో లెక్క వేసి చూడండి. చాలామందికి అది నాలుగైదు నెలలకి మించదు. అప్పుడు మూడేళ్లన్న మాట అంత భయపెట్టదు.

మొదటి డ్రాఫ్ట్ అయిపోయింది! వెంటనే ఎడిటింగ్ మొదలుపెట్టాలా?

వద్దు. కనీసం నెల, వీలైతే ఆరు వారాలు దాన్ని ముట్టుకోకండి. రాసిన వేడిలో మీరు చదివేది కాగితం మీద ఉన్నదాన్ని కాదు, మీ బుర్రలో ఉన్నదాన్ని. ఈ ఖాళీలో చిన్న కథ రాయండి, పుస్తకాలు చదవండి, ఊరికే తిరగండి. కాపీలు మాత్రం రెండు చోట్ల దాచండి. ఒకసారి ల్యాప్‌టాప్ పోయి నాలుగు అధ్యాయాలు మళ్లీ రాశాను. పోయినవే బాగున్నాయని ఇప్పటికీ అనిపిస్తుంది, అది నిజం కాకపోవచ్చు.

ఎడిటింగ్ అంటేనే నీరసం వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీరసం ఎందుకొస్తుందంటే, మొదటి పేజీ మొదటి వాక్యం దగ్గర కూర్చుని కథ, పాత్రలు, భాష, కామాలు అన్నీ ఒకేసారి బాగుచేయాలని చూస్తాం. ఇరవై పేజీలకి కళ్లు తిరుగుతాయి. ఇల్లు కట్టేటప్పుడు గోడ నిలబడకముందే సున్నం వేయరు కదా.

మొదటిసారి పెన్ను లేకుండా చదవండి. ప్రింటు తీసుకోండి, లేదా ఫాంటు మార్చి ఫోన్లో చదవండి. వేరేవాళ్లు రాసినట్టు కనిపించడమే కావాల్సింది. చదువుతూ ఒక్కో సీనుకి ఒక్కో కార్డు రాయండి: ఎవరున్నారు, ఏం మారింది. 'ఏం మారింది' దగ్గర రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ కార్డు మూలన ఎర్ర చుక్క. నా మొదటి నవలకి 62 కార్డులొచ్చాయి, 14 ఎర్రచుక్కలు. ఆ పద్నాలుగింటిలో తొమ్మిది సీన్లు తీసేస్తే ఎవరికీ తెలియలేదు. మిగతావి పక్క సీన్లలో కలిశాయి.

కార్డులు నేలమీద పరిచాక నీరసం పోతుంది. అప్పటిదాకా 'నవల దిద్దాలి' అన్నది ఆకారం లేని దిగులు. ఇప్పుడు 'పన్నెండో కార్డు తీసి తొమ్మిది ముందు పెట్టాలి' అన్నది ఈ సాయంత్రం పని. ఎడిటింగ్‌లో పదాల లెక్క పనికిరాదని కూడా ఇక్కడే అర్థమవుతుంది. రోజంతా కష్టపడితే 800 పదాలు తగ్గుతాయి, అది మంచి రోజు. కాబట్టి కార్డులు లెక్కపెట్టుకోండి, లేదా గంటలు.

వాక్యాల పని ఆఖరున. తెలుగులో స్పెల్ చెకర్‌ని పూర్తిగా నమ్ముకోలేం, పైకి చదువుకోవడమే దారి. ఊపిరి ఆగిన చోట వాక్యం పొడుగైంది. నాలుక తడబడిన చోట మాట కృతకమైంది. ముఖ్యంగా సంభాషణలు. పాత్రలన్నీ మీలాగే మాట్లాడుతున్నాయో లేదో చెవికే ముందు తెలుస్తుంది. ఒక్కో రచయితకి ఊతపదాలుంటాయి, నాకు 'ఎందుకో'. 211 చోట్ల ఉంది. పన్నెండు ఉంచాను.

ఎంతో ఇష్టపడి రాసిన భాగం తీసేయాలంటే చెయ్యి రావడం లేదు.

తీసేయకండి, వేరే ఫైల్లోకి మార్చండి. నా ఫైలు పేరు 'అటక'. అందులోంచి మళ్లీ కిందికి దించినవి ఇప్పటికి రెండు పేరాలు.

ఎన్నిసార్లు దిద్దాలి? ఎప్పుడు ఆపాలి?

ఒక నవల ఆఖరి పేజీని 39 సార్లు తిరగరాశానని హెమింగ్వే 1958లో అచ్చయిన ఇంటర్వ్యూలో చెప్పాడు. అది లక్ష్యంగా పెట్టుకోమని చెప్పడం లేదు. నేను చూసుకునే గుర్తు ఒకటే: నిన్న తీసేసిన మాటని ఇవాళ మళ్లీ పెడుతున్నానా? రెండు మూడు రోజులు అదే జరిగితే ఇక నవల బాగుపడటం లేదు, వదల్లేక పట్టుకు వేలాడుతున్నానన్నమాట. ఎవరికైనా ఇచ్చేయాలి.

చదివిన స్నేహితుడి మాటకి నీరుగారిపోయాను.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి, జవాబు కూడా చెప్పకండి. కోపం, ఏడుపు రెండూ తగ్గాక ఆ మాటలు రెండుగా విడదీయండి. 'ఇక్కడ నాకు విసుగొచ్చింది', 'వీడెవడో అర్థం కాలేదు' లాంటివి నమ్మాలి. చదివిన మనిషికి అలా అనిపించింది, దాంతో వాదించలేం. 'హీరోని చంపేస్తే బాగుండేది' లాంటి సలహాలు సాధారణంగా తప్పు. ఆయన జబ్బు పోల్చాడు కానీ మందు తప్పు చెప్పాడు. విసుగు ఒకచోట పుడుతుంది, కారణం వేరేచోట ఉంటుంది.

ఇచ్చేటప్పుడే ప్రశ్నలు ఇవ్వండి: ఎక్కడ పక్కన పెట్టాలనిపించింది, ఎవరి పేరు గుర్తులేదు. 'ఎలా ఉంది?' అని అడిగితే 'బాగుంది' అంటారు, ఇంకేమంటారు పాపం. ఇంట్లోవాళ్లకి మొదట ఇవ్వకపోవడమే మేలు, వాళ్లు తమని తామే వెతుక్కుంటారు.

ఆర్నెల్లు ముట్టుకోలేదు. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

మొదటి రోజు రాయకండి. ఆఖరి ఇరవై పేజీలు చదివి, ఎవరు ఎక్కడున్నారో అరపేజీ రాసుకుని మూసేయండి. రెండో రోజు ఆఖరి సీనుని చూడకుండా మళ్లీ రాయండి. గొంతు అక్కడ దొరుకుతుంది. పోయిన ఆర్నెల్ల బాకీ తీర్చాలని రోజుకి రెట్టింపు రాయాలనుకుంటే వారానికి మళ్లీ పడుకుంటారు.

పూర్తిగా వదిలేయడం ఎప్పుడు సబబు?

అందులో మిమ్మల్ని లాగిన ప్రశ్నకి జవాబు మీకు జీవితంలోనే దొరికేసి, ఇక ఆ కథతో పని లేనప్పుడు. నా ఎనభై పేజీలూ అలా పోయినవే. ఒక మనిషి మీద కోపంతో మొదలుపెట్టాను, మధ్యలో కోపం పోయింది.

ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టుంది. ఆఖరి అధ్యాయం మూణ్ణెల్లుగా రావడం లేదు.

పూర్తయితే ఎవరికైనా చూపించాలి కదా, ఆ భయం కొంత. దానికి ఒక్క సాయంత్రంలో మూడు చెత్త ముగింపులు రాసేయండి, ఒక్కోటి ఒక పేజీ. ఎవరూ చూడరు. మూడోదానికొచ్చేసరికి చెయ్యి తేలికవుతుంది.

అదీ కుదరకపోతే, మొదటి అధ్యాయం తీసి అక్కడ పాఠకుడికి ఏ ప్రశ్న వేశారో చూడండి. తర్వాత ఆఖరి ముప్ఫై పేజీల్లో దానికి జవాబు ఇప్పటికే ఎక్కడైనా వచ్చేసిందేమో వెతకండి. నాకు అదే జరిగింది. టీచరమ్మ తమ్ముడి చొక్కాకి గుండీ కుట్టి, దారం పంటితో తెంపి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయే దగ్గర నవల అయిపోయింది. నేను గమనించకుండా ఇంకో పదకొండు పేజీలు రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తెలియక రెండు నెలలు కూర్చున్నాను.